చెత్త ఆటో హెల్పర్ మీద డాక్యుమెంటరీ తీస్తున్నా: ఆ పాస్‌బుక్ సీను ఉంచాలా, తీసేయాలా?

హిందూపురం_పిల్ల:

బెంగళూరు తెలుగువాళ్లలో సినిమాలు తీసేవాళ్లూ, యూనియన్లలో తిరిగేవాళ్లూ ఇక్కడ ఉన్నారని తెలుసు కాబట్టి అడుగుతున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

నేను బెళ్లందూరు దగ్గర ఒక కంపెనీలో టెస్టింగ్‌లో పనిచేస్తాను. పొద్దున్నే మా వీధికొచ్చే చెత్త ఆటోలో ఒకావిడ హెల్పర్. పేరు రాయను. మడకశిర వైపు మనిషి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చింది. డ్రైవరుతో కన్నడం, నాతో తెలుగు. నా ఫోన్ మాటలు విని "మీదే ఊరు మా?" అని ఆవిడే పలకరించింది. అప్పట్నుంచి సెలవు దొరికినప్పుడల్లా సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి పట్టుకుని ఆవిడ వెంట తిరుగుతున్నాను.

తీసినదాంట్లో నాకు బాగా నచ్చింది చేతులు. ఇళ్లవాళ్లు అంతా కలిపేసి ఇచ్చిన సంచిని ఆటో వెనక రేకు మీద బోర్లిస్తుంది. ఉత్త చేతుల్తో సాంబారు అన్నంలోంచి డైపర్ లాగి పక్కన పెడుతుంది. ఒకసారి పగిలిన ట్యూబ్‌లైటు ముక్క బొటనవేలి పక్కన గీరింది. అలవాటుగా వేలు నోటిదాకా వెళ్లి, అది ఏ చెయ్యో గుర్తొచ్చి ఆగిపోయింది. కొంగుకు తుడుచుకుని ఇంకో సంచి తీసుకుంది. గ్లౌజులు ఇచ్చినట్టు మాత్రం రిజిస్టర్లో సంతకం ఉంది, అది కూడా తీశాను.

అసలు గొడవ ఇంకో సీనుతో. వాళ్లింట్లో కూర్చుని బ్యాంకు పాస్‌బుక్ తెరిచి చూపించింది. నెలనెలా జీతం పడుతోంది, పడిన వెంటనే దాదాపు మొత్తం డ్రా అవుతోంది. "తీసేది నేను కాదు మా. కార్డు మేస్త్రి దగ్గరుంది. ఆయప్పే తీసి, వాళ్లకు పోయేది పోగా మిగిలింది నా చేతిలో పెడతాడు." ఇదంతా కెమెరా వైపు సూటిగా చూస్తూ, కళ్లనీళ్లు లేకుండా, ఇంటి అద్దె చెప్పినట్టు చెప్పింది.

తర్వాత వారం ఆవిడే అంది: "సినిమా ఎత్తుకో మా, వద్దనను. ఆ బుక్కు చూపించింది మాత్రం తీసేయ్. రేపు పన్లోంచి తీసేస్తే నువ్వేమన్నా పనిప్పిస్తావా?"

రఫ్ కట్ చూసిన ఒక ఫెస్టివల్ వాళ్లు మాత్రం సినిమాకి ప్రాణం ఆ సీనే అంటున్నారు. అది లేకపోతే "మామూలు చెత్త డాక్యుమెంటరీ" అట. నెలాఖరుకి పంపాలి.

ఇంకో సంగతి కూడా తొలుస్తోంది. 2022 జులైలో పౌరకార్మికులు (ఇక్కడి మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు) పర్మనెంటు చేయమని ఫ్రీడం పార్కులో సమ్మెకు కూర్చున్నప్పుడు నేనూ వెళ్లి కూర్చున్నాను, కెమెరా లేకుండా. నేను కూర్చున్నా కూర్చోకపోయినా వాళ్లు సాధించుకునేవాళ్లే. 2025 మే డే నాడు 12,692 మందికి పర్మనెంటు ఉత్తర్వులు ఇచ్చారు. కానీ అవి వీధులూడ్చేవాళ్లవి. చెత్త ఆటోల్లో తిరిగే హెల్పర్లు ఆ లెక్కలోకి రారు. "నువ్వు సినిమా తీస్తే ఆయమ్మ జీతం పెరుగుతుందా?" అని మా అన్న ఫోన్లో అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగం మానేసి పూర్తిగా యూనియన్ పనిలో దిగితే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచిస్తున్నా.

సీను ఉంచాలా, తీయాలా? అసలు ఇలాంటి సినిమా ఎవరికోసం?

బుల్లితెర_బాబు:

ఇందులో అంత టెన్షన్ ఎందుకండీ. మొహం బ్లర్ చేయండి, గొంతు మార్చండి, పంపేయండి. దివ్యభారతి పాకీ పనివాళ్ల మీద 'కక్కూస్' డాక్యుమెంటరీ తీస్తే 2017లో తమిళనాడు పోలీసులు ఎక్కడికక్కడ షోలు ఆపించారు. ఆవిడ యూట్యూబ్‌లో పెట్టేసింది. భయపడితే సినిమాలు రావు.

హిందూపురం_పిల్ల:

@బుల్లితెర_బాబు బ్లర్ చేసి చూశానండీ. మా వార్డులో ఆ రూటుకి ఉన్న లేడీ హెల్పర్ ఆవిడ ఒక్కతే. మొహం మసక చేసినా నడక తెలుస్తుంది, కుడికాలు కాస్త ఈడుస్తుంది. గొంతు మార్చినా మడకశిర యాస పోదు. మేస్త్రికి రెండు సెకన్లు చాలు. పైగా దివ్యభారతి మీద పడ్డ కేసులు దివ్యభారతి మీదే పడ్డాయి. ఇక్కడ నేను భయపడకపోతే దెబ్బ పడేది ఇంకొకరికి.

జయనగర్_నాలుగో_బ్లాకు:

అమ్మాయ్, ఉద్యోగం మానేసే సంగతి ముందు మాట్లాడతాను. నీ పోస్టులో నాకు భయమేసింది ఆ ఒక్క వాక్యం దగ్గరే.

నువ్వు కూర్చున్న ఆ ఫ్రీడం పార్కు పాత సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో, 1976 మేలో అరెస్టు చేసిన నటి స్నేహలతారెడ్డిని పెట్టింది అక్కడే. మీ వయసువాళ్లకి ఆవిడ పేరు పెద్దగా తెలియదు కాబట్టి కాస్త చెప్తాను. భర్త పట్టాభిరామిరెడ్డి, మన నెల్లూరాయన. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన పఠాభి అంటే సాహిత్యం చదివేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఆ తెలుగు కవి ఇక్కడికొచ్చి కన్నడ రచయిత అనంతమూర్తి నవలను 1970లో 'సంస్కార' పేరుతో కన్నడంలో సినిమా తీశాడు. గిరీశ్ కర్నాడ్ ప్రాణేశాచార్యులు, స్నేహలత చంద్రి. అగ్రహారంలో కట్టుబాటు తప్పిన బ్రాహ్మణుడు చచ్చిపోతే శవాన్ని ఎవరు దహనం చేయాలన్నది తగవు. శవం అలా పడే ఉంటుంది, వీళ్లు శాస్త్రాలు తిరగేస్తుంటారు. మద్రాసు సెన్సారు వాళ్లు కుదరదన్నారు. పైదాకా పోరాడి విడుదల చేసుకుంటే ఆ ఏటి జాతీయ ఉత్తమ చిత్రం అయింది, స్వర్ణకమలం వచ్చింది. కన్నడానికి ఆ గౌరవం అదే మొదటిసారి.

అంత పేరున్న మనిషి ఆవిడ. నాటకరంగంలో పేరు, ఇంటికొచ్చేవాళ్లలో సగంమంది పెద్దవాళ్లు. అయినా సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ స్నేహితురాలని, ఆయన మీద పెట్టిన పేలుడు పదార్థాల కేసు, అదే బరోడా డైనమైట్ కేసు పేరుతో పట్టుకెళ్లారు. చివరికి వేసిన చార్జిషీటులో ఆవిడ పేరే లేదు. ఆస్తమా మనిషిని ఎనిమిది నెలలు లోపల ఉంచి 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20న పోయింది. ఏ స్వర్ణకమలమూ ఆ తలుపు తీయలేదు.

పట్టాభి ఆ తర్వాత ఎమర్జెన్సీ రోజుల మీద 'చండమారుత' తీశాడు. మా ఫిల్మ్ సొసైటీ మిత్రుల్లో 'సంస్కార' గురించి ఇప్పటికీ కొట్లాడుకునేవాళ్లున్నారు. 'చండమారుత' ఊసెత్తేవాళ్లు తక్కువ. భార్యను పోగొట్టుకున్న మనిషి తీసిన సినిమా కదా, అదే ఎక్కువ గుర్తుండాలి కదా అని నాకనిపిస్తుంది. అలా జరగలేదు. తీసినవాడు ఎంత మూల్యం చెల్లించాడో చూసి జనం సినిమాను గుర్తుపెట్టుకోరు.

ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు. ఉద్యోగం వదిలేసి, ఒంటిమీదికి తెచ్చుకుంటే సినిమాకి బలం వస్తుందన్న ఊహ నీలో ఎక్కడో ఉన్నట్టుంది. అది రాదు. ఉద్యోగం ఉండబట్టే ఇవాళ ఎవరికీ జవాబుదారీ కాకుండా తీస్తున్నావు. రేపు ఎవరిదో ఫండు తీసుకున్నావనుకో, పాస్‌బుక్ సీను ఉంచాలా తీయాలా అని మమ్మల్ని అడిగే అవకాశం కూడా ఉండదు. ఫెస్టివల్ వాళ్ల మాట ఇప్పుడే నిన్ను ఇంత ఊపుతోందే, జీతం లేనప్పుడు ఎంత ఊపుతుందో చూసుకో.

సీను తీసెయ్. ఆవిడ వద్దంది. అక్కడితో అయిపోయింది.

కార్మికభవన_దారిలో:

నేను కార్మికుల కేసులు చూస్తాను, బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక శాఖ ఆఫీసు కార్మిక భవనకి వారానికి నాలుగు రోజులు తిరిగే మనిషిని. సార్ చెప్పినట్టు సీను సినిమాలోంచి తీసేయండి. కానీ అక్కడితో అయిపోలేదు.

అక్కా, ముందు ఒక పని చేయండి. ఆ ఫెస్టివల్ వాళ్లకి పంపిన లింకు ఇవాళే మూసేయండి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపి ఉంటే డిలీట్ చేయమని అడగండి. ఒరిజినల్ ఫైలును మాత్రం ముట్టుకోకుండా వేరే డిస్కులో పెట్టండి.

ఆవిడ చెప్పింది ఒక్కావిడ కష్టం కాదు. కార్డులు మేస్త్రి దగ్గర పెట్టుకుని జీతంలో కోత కోయడం ఒక్కరితో ఆగదు, అదే మేస్త్రి కింద ఉన్న మిగతావాళ్ల కార్డులు కూడా అక్కడే ఉంటాయి. వాళ్లందరి బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బు ఏ ఏటీఎంలో, ఏ రోజు తీశారో అందులో ఉంటుంది. ఒకే మిషన్లో ఒకే పూట పదిమంది జీతం వరసగా డ్రా అయిందంటే పదిమందీ అక్కడ లైన్లో నిల్చున్నారని ఏ ఆఫీసరూ నమ్మడు. ఆ కాగితాల ముందు మీ వీడియో విలువ తక్కువే. బాధపడకండి, నిజం చెప్తున్నా.

ఫిర్యాదు ఆవిడ పేరుతో వద్దు, యూనియన్ పేరుతో వెళ్లాలి. కార్డు బ్లాక్ చేసి కొత్తది తీసుకోవడం కూడా ఆవిడొక్కతే చేస్తే మరునాడే పని పోతుంది. అందరూ ఒకే రోజు బ్యాంకుకి వెళ్లాలి. కాంట్రాక్టరు జీతం సరిగా ఇవ్వకపోతే పని చేయించుకునే సంస్థే ఇవ్వాలన్నది 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం నాటినుంచీ ఉన్న సూత్రం. కాబట్టి అడగాల్సింది కార్పొరేషన్ని. బీబీఎంపీ (పాత బెంగళూరు కార్పొరేషన్) పోయి ఐదు కార్పొరేషన్లు అయ్యాక మీ వార్డు ఎందులోకొచ్చిందో చూసుకోండి. కాగితం తప్పు ఆఫీసుకెళ్తే ఆర్నెల్లు అక్కడే పడుంటుంది.

మీరు ఉద్యోగం మానేసి వస్తానన్నారు. రావద్దు. మాకు కావలసింది ఇంగ్లీషులో, కన్నడంలో దరఖాస్తులు టైపు చేసిపెట్టే మనిషి, స్టేట్‌మెంట్లు ఎక్సెల్లో ఎక్కించే మనిషి. శనివారం మధ్యాహ్నం చాలు. టెస్టింగ్ చేసేవాళ్లకి ఈ పని మా అందరికంటే బాగా వస్తుంది.

సినిమాల మీద నాకు కోపం లేదు. కాకపోతే కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టిన మన తెలుగాయన బెజవాడ విల్సన్‌ని చూడండి. పాకీ పని నిషేధిస్తూ చట్టం 1993లోనే వచ్చింది. అమలు కావట్లేదని ఆయన సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకి వెళ్తే తీర్పు వచ్చింది 2014 మార్చిలో. మురుగు కాలవల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వమన్నారు. 2023 అక్టోబర్లో దాన్ని 30 లక్షలు చేశారు. ఆ 10 లక్షలు ఒక్కో ఇంటికి చేరాలంటే, ఏ ఊళ్లో ఎవరు ఏ ట్యాంకులో దిగి పోయారో ఎవరో ఒకరు వెళ్లి పేరు, తేదీ, పోస్టుమార్టం కాగితం సంపాదించాలి. అది ఏ తెర మీదా కనిపించదు.

కత్తెర:

ఇందిరానగర్లో ఎడిటింగ్ చేసి బతుకుతాను. ఇలాంటి డాక్యుమెంటరీలు నా టేబుల్ మీదికి చాలా వస్తాయి. అన్నిట్లో ఒక ఆవిడ ఉంటుంది, ఒక గుడిసె ఉంటుంది, ఒక కాగితం చూపిస్తుంది. వెనక వీణో ఫ్లూటో. మేడమ్, కోపం తెచ్చుకోకండి, మీ ఫెస్టివల్ ఆయనకి ఆ సీను ఎందుకు నచ్చిందంటే అలాంటి సీను ఆయన ఇదివరకు చూశాడు కాబట్టి.

ఆనంద్ పట్వర్ధన్ 1985లో బొంబాయి గుడిసెల కూల్చివేతల మీద 'హమారా షహర్' తీశాడు. అందులో ఒకామె కెమెరా వెనకున్నవాళ్ల మీదే విరుచుకుపడుతుంది, మీరొచ్చి బీదవాళ్లని ఫోటోలు తీసుకుని పేరు తెచ్చుకుంటారు, మాకేం ఒరుగుతుంది అన్న ధోరణిలో. ఆయన దాన్ని కత్తిరించకుండా సినిమాలోనే ఉంచాడు. ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకి నేను మొదట చూపించేది అదే. మరుసటేడు నారిమన్ పాయింటు దగ్గర సంజయ్ గాంధీ నగర్ గుడిసెలు పీకేస్తే అక్కడివాళ్లతో కలిసి నిరాహారదీక్షకు కూర్చున్నాడు, షబానా ఆజ్మీ కూడా కూర్చుంది. వాళ్లకి గోరేగావ్ వైపు వేరే స్థలం దొరికింది. స్థలం తెచ్చింది అవార్డు వచ్చిన సినిమానా? కాదు. దీక్షా, వెనకున్న సంఘమూ, పక్కనున్న స్టారూ. పట్వర్ధన్‌కి అది తెలుసు కాబట్టే కెమెరా పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఇక మీ సినిమా. "నువ్వేమన్నా పనిప్పిస్తావా?" అన్న మాట ఆవిడ కెమెరా ముందు అందా, వెనక అందా? ముందు అంటే, ఆవిడ ఒప్పుకుంటే, పాస్‌బుక్ తీసేసి ఆ ప్రశ్న ఉంచండి. కాంట్రాక్టరు ఊసు రాకుండా కోయొచ్చు. వినేది మేస్త్రి కాదు, మీరు.

అంతకన్నా ముఖ్యం ఇంకొకటి. చేతుల సీను బాగుందన్నారు. ఆ సంచి ఎవరింట్లోంచి వచ్చింది? రెండు డబ్బాలు, ఒక సంచి అని హైకోర్టు 2015లోనే చెప్పింది. తడిది పచ్చ డబ్బాలో, డైపర్లూ అవీ కాగితంలో చుట్టి ఎర్ర డబ్బాలో, పొడిది సంచిలో. సాంబారు అన్నంలో డైపర్ వేసినవాళ్లు మీ పక్క ఫ్లాటువాళ్లే. వాళ్లని ఎందుకు తీయలేదు? లిఫ్టులో చెత్త పట్టుకొచ్చే పనిమనిషికి ఏం చెప్తారు, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో చెత్త మీద ఎలా పోట్లాడుకుంటారు, దీపావళికి హెల్పర్‌కి యాభై ఇవ్వాలా వంద ఇవ్వాలా అని ఎంతసేపు చర్చిస్తారు. ఇది తీస్తే ఆవిడ పని పోదు. పోతే మీ ఇంటి ఓనరుకి మీ మీద కోపం వస్తుంది. భరించగలరా? రాజకీయ సినిమా అంటే తక్కువ జీతం ఉన్నవాళ్ల ఇంటికే కెమెరా వెళ్లాలని ఎవరన్నారు?

జయనగర్_నాలుగో_బ్లాకు:

@కత్తెర నోరు కాస్త దురుసైనా ఆలోచన బాగుంది నాయనా. 'సంస్కార'లో కూడా కెమెరా గురిపెట్టింది పెద్దకులంవాళ్ల అగ్రహారం మీదే.

బుల్లితెర_బాబు:

అపార్ట్‌మెంటు మీద సినిమా ఎవరు చూస్తారు సార్.

కత్తెర:

@బుల్లితెర_బాబు అపార్ట్‌మెంటువాళ్లు. వాళ్లకంటే ఆత్రంగా ఎవరూ చూడరు, తాము ఎలా కనిపించామా అని.

హిందూపురం_పిల్ల:

అందరికీ థాంక్స్. నిన్నంతా ఇదే పని.

ఫెస్టివల్‌కి పంపట్లేదని మెయిల్ పెట్టాను, లింకు తీసేశాను. "మళ్లీ ఆలోచించండి, ఇలాంటి అవకాశం" అంటూ జవాబొచ్చింది. ఆలోచించట్లేదు.

ఆవిడతో మాట్లాడాను. కెమెరా లేకుండా, వాళ్లింటి మెట్ల మీద. సీను తీసేశానంటే ఊఁ అంది. స్టేట్‌మెంట్ల సంగతి చెప్పగానే మాత్రం ముందుకి జరిగి కూర్చుంది. వాళ్ల రూట్లవాళ్లలో ఎవరెవరి కార్డులు మేస్త్రి దగ్గరున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టింది. రెండు చేతులూ చాల్లేదు. "అందరం ఒగే దినం పోతే బ్యాంకోళ్లు భయపడతారు మా" అని నవ్వింది. ఎప్పుడు వెళ్లేదీ వాళ్లే తేల్చుకుంటారు, నన్ను అడగలేదు. శనివారం @కార్మికభవన_దారిలో గారిని కలుస్తాను, ఎక్సెల్ నాది.

@జయనగర్ సార్, ఉద్యోగం మానట్లేదు. మా అన్నకి ఇంకా చెప్పలేదు, వాడు గెలిచాననుకుంటాడు.

@కత్తెర ఆ మాట కెమెరా ముందే అంది. ఉంచుకో అంది. అయితే మీరు చెప్పిన రెండో పనికే చిక్కొచ్చింది. ఇవాళ పొద్దున బేస్‌మెంటులో చెత్త డబ్బాల దగ్గర ట్రైపాడ్ పెట్టానో లేదో సెక్యూరిటీ వచ్చాడు. వెనకే అసోసియేషన్ సెక్రటరీ. ఇన్నాళ్లూ ఆవిడ ఇంట్లో దూరి గ్యాస్ స్టవ్వు దాకా తీశాను, ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. ఇక్కడ మూడు డబ్బాలు తీయడానికి "కామన్ ఏరియాలో షూటింగంటే కమిటీ తీర్మానం కావాలి, రెసిడెంట్ల ప్రైవసీ ఉంటుంది కదమ్మా" అంటాడు. ఆ మాట అంటున్న ఆయన మొహం కూడా రికార్డయింది. దాన్ని వాడుకోవాలంటే ఆయన్నీ అడగాలి కదా, అడుగుతాను.

అద్దెకున్నవాళ్లు కామన్ ఏరియాలో వీడియో తీయాలంటే నిజంగా కమిటీ తీర్మానం కావాలా? బైలాస్ కాపీ అడిగితే ఇవ్వాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి. కమిటీ మీటింగు ఆదివారం.